చీలల మీద నిలిచిన చెట్టు

ఇస్సాకుకు మతిమరుపు ఎక్కువని భార్య ఎలీశమ్మ ఎప్పుడూ దెప్పిపొడిచేది. చొక్కా ఎక్కడ విప్పాడో గుర్తుండదు. చర్చికి వెళ్తే బైబిలు అక్కడే వదిలేసి వస్తాడు. కానీ ఏ చెట్టుకు ఏ చీల కొట్టాడో మాత్రం ఏళ్లు గడిచినా చెప్పేవాడు.

హయత్‌నగర్‌లో ఒక రేకుల గదిలో కాపురం. మీర్‌పేట్, బడంగ్‌పేట్ వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం అది. ఇల్లు కట్టేవాళ్లకు ముందు చెట్టు పోవాలి. పొడుగాటి రంపానికి అటు కొస ఇస్సాకు, ఇటు కొస ఎలీశమ్మ. పని నేర్పింది ఆమె తండ్రి మట్టయ్య. కూతురికీ అల్లుడికీ కలిపే నేర్పాడు.

రంపం లాగడం ఎవరికైనా వస్తుంది, చీల పెట్టడమే పని అనేవాడు మట్టయ్య. చీల అంటే పెద్ద వస్తువేం కాదు. ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా చెక్కిన కొయ్యముక్క. రంపం సగం దాటాక చెట్టు బరువంతా కోత మీద కూర్చుంటుంది, రంపాన్ని కరిచి పట్టేస్తుంది. అది కరవక ముందే రంపం వెనకాల చీల దూర్చాలి. కొట్టినకొద్దీ కోత తెరుచుకుంటుంది, చెట్టు లేచి మనం అనుకున్న వైపు తల తిప్పుతుంది. మందపు చీల తొందరగా లేపుతుందని కొత్తవాళ్లు అదే తీసుకుంటారు. అది వెనక్కి చిమ్ముకొస్తుంది. ఇస్సాకు నల్లతుమ్మ చేవను నీడలో ఎండబెట్టి, పొడుగ్గా, సన్నగా చెక్కుకునేవాడు. జారకుండా రెండు వైపులా గరుకుగా ఉంచేవాడు. ఇనుప చీలలు మొద్దులు పగలగొట్టడానికే. వాటిని కోతలో పెడితే రంపం పళ్లు పోతాయి. పడ్డ చెట్టును ముక్కలు కోసేటప్పుడైనా అంతే. రెండు కొసలూ ఎత్తు మీద ఆని నడుమ ఖాళీగా ఉంటే, పై కోతలో చిన్న చీల పెట్టకపోతే రంపం ఇరుక్కుపోతుంది.

చీల మీద కొయ్య సుత్తితో కొట్టేది ఎలీశమ్మ. ఇస్సాకు చెట్టు కొన వైపు చూస్తూ చెయ్యి ఊపితే ఆమె కొట్టేది, చెయ్యి ఆపితే ఆపేది. మాట అవసరం ఉండేది కాదు.

ఎల్బీనగర్‌లో సాంబమూర్తిగారని రిటైరైన ఉద్యోగి ఒకాయన ఉండేవారు. గోదావరి జిల్లా వాళ్లు. వాళ్లింటి మామిడిచెట్టు పక్కవాళ్ల మేడ మీదికి వాలి తగాదా అయితే, ఇస్సాకు, ఎలీశమ్మ కలిసి దాన్ని ఎదురు వైపుకు లేపి గోడకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య పడుకోబెట్టారు. అప్పటి నుంచి ఆయనకు ఇస్సాకంటే గురి. తెలిసినవాళ్లందరికీ ఈ జంట గురించే చెప్పేవారు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముంచుకొచ్చింది. ఇస్సాకుది నల్లగొండ వైపు ఊరు. అక్కడి నీళ్లు తాగి తమ్ముడి కాళ్లు వంకరపోయాయి. రాష్ట్రం వస్తే మంచినీళ్లు వస్తాయని ఎవరో మీటింగులో అంటే, ఆ ఒక్క మాటే అతనికి చాలింది. పని మానుకుని దిల్‌సుఖ్‌నగర్ ధర్నాలకు వెళ్లేవాడు, గొంతు పోయేదాకా జై కొట్టేవాడు. వాళ్ల ఊరివాడే, వాళ్ల చర్చివాడే సుమన్ అక్కడ కుర్రాళ్లకు నాయకుడు. డిగ్రీ చదివాడు, మైకు దొరికితే వదలడు. ఇస్సాకును నోరారా అన్నా అని పిలిచేవాడు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఒక పొద్దున సుమన్ గదికి వచ్చాడు.

"అన్నా, ఇయ్యాల విజయవాడ రోడ్డు బందు జేస్తున్నం. టైర్లు కాలబెడితే పోలీసోళ్లు తీసేస్తున్నరు. ఒక పెద్ద చెట్టు అడ్డం పడాలె. నువ్వు తప్ప ఎవ్వలు లేరు."

"పచ్చని చెట్టు గద తమ్మీ."

"రాష్ట్రమొస్తే గసొంటియి వంద పెడదాం. జర జల్ది రా అన్నా."

ఎలీశమ్మ వద్దంది. అయినా ఇస్సాకు రంపం భుజానికెత్తుకునేసరికి సుత్తి పట్టుకుని వెంట నడిచింది.

అది ఎల్బీనగర్ దాటాక రోడ్డు పక్కనున్న నిద్రగన్నేరు. రోడ్డు వైపు కాకుండా వెనక టీకొట్టు, ఇళ్ల వైపు వంగి ఉంది. ఇస్సాకు చుట్టూ తిరిగి చూసి, "గిది అటే పోతానంటది. శీలలు కొట్టి లేపి రోడ్డు మీదికి తేవాలె. టైం పడతది" అన్నాడు. సుమన్ సరేనన్నాడు. కుర్రాళ్లు చుట్టూ చేరి నినాదాలు అందుకున్నారు.

రోడ్డు వైపు మొదట్లో గంటు పెట్టి నోరు తీసి, వెనక నుంచి కోత మొదలుపెట్టారు. రెండు చీలలు దూరాయి. మూడోది దూరుతోంది. చెట్టు అటూ ఇటూ కాకుండా నిలబడ్డ సమయాన పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఒక్క అరుపు వినపడింది. వంద మంది ఒక్కసారి లేచి సందుల్లో పడి పరుగెత్తారు. అందరికంటే ముందు సుమన్ వెళ్లాడు.

ఇస్సాకు కూడా పరుగెత్తవచ్చు. ఎలీశమ్మ అతని చొక్కా పట్టి లాగింది కూడా. అతను చెట్టు కొన వైపు చూశాడు. మధ్యలో మిగిలింది నాలుగు వేళ్ల కొయ్య. మిగతా బరువంతా చీలల మీదే ఉంది. ఒక గాలి వస్తే టీకొట్టు మీదికి పోతుంది. కొట్టులో ముసలమ్మ ఇంకా గిన్నెలు సర్దుకుంటోంది.

"ఇడిసిపోతే మనిషి సస్తది" అన్నాడు. ఎలీశమ్మ చొక్కా వదిలేసి సుత్తి అందుకుంది.

ఎస్సై కేకలు వేస్తూ వచ్చాడు. "ఏయ్, ఆపు! చేతులు తియ్!"

"సార్, గిప్పుడు ఆపితే గా ఇండ్ల మీద పడతది. ఒక్క నిమిషం సార్. మీరు గీ పక్కకు రార్రి."

ఎలీశమ్మ ఆఖరి దెబ్బకు సుత్తి ఎత్తింది. తమ మీదికే ఎత్తిందనుకున్నాడో, కోపమే వచ్చిందో, ఒక కానిస్టేబులు లాఠీతో ఆమె మణికట్టు మీద కొట్టాడు. సుత్తి కింద పడింది. ఇస్సాకు దాన్ని తీసి తనే కొట్టాడు. చెట్టు మూలిగి, మెల్లగా లేచి, రోడ్డుకు అడ్డంగా పడింది. టీకొట్టు రేకు కూడా కదల్లేదు. ఇద్దర్నీ వ్యాను ఎక్కించారు.

రాత్రికి ఎలీశమ్మను వదిలేశారు. మరునాడు పంచనామాకని ఇస్సాకును అక్కడికే తీసుకెళ్లారు. చెట్టు లేదు. లావాటి మొద్దంతా ఎవరో ముక్కలు కోసి లారీలో ఎత్తుకుపోయారు. మిగిలిన తుంటలో ఒక రంపం ముక్క విరిగి ఇరుక్కుని ఉంది. కర్రను అమ్ముకోవడానికే కొట్టాడని ఎస్సై రాయించాడు.

"సార్, గీ కోత చూడుర్రి. శీల పెట్టకుండ కోసిన్రు, రంపం కరిసింది, విరిగింది. గిది నా పనే గాదు సార్. నేను కోస్తే గిట్లుంటదా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. "దొంగతనం కూడా నీటుగా చేస్తావురా నువ్వు?" అన్నాడు ఎస్సై. కేసు దొంగతనమనే పడింది. కర్ర ఎవరు తీసుకుపోయారో తేలలేదు. సుమన్ వెంట తిరిగేవాళ్లలో ఒకడి లారీ అని కొందరన్నారు.

సుమన్ స్టేషన్‌కు రాలేదు. జామీను ఇస్తానని వచ్చింది సాంబమూర్తిగారు. సంతకం పెట్టి, బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగారు.

"ఇస్సాకూ, నువ్వు దొంగవి కావని నాకు తెలుసు. అందుకే వచ్చాను. కానీ ఆ చెట్టు ఎవరి మీద కోపంతో పడగొట్టారో కూడా తెలుసు. మా అమ్మాయి బిందుమాధవి చంటిపిల్లతో కారులో ఆ చెట్టవతల పొద్దుగూకేదాకా ఉండిపోయింది. ఇక మా ఇంటికి రాకు. మా ఆవిడ అమ్మాజీ నీ మొహం చూడలేనంటోంది."

ఇస్సాకు దండం పెట్టాడు.

ఎలీశమ్మ మణికట్టు సరిగా అతుక్కోలేదు. దవాఖాన చుట్టూ తిరిగినా వేళ్లకు పట్టు రాలేదు. గ్లాసు పట్టుకుంటే జారేది. రంపం రెండో కొసకు ఇస్సాకు వేరేవాళ్లను పెట్టుకుని చూశాడు. కుదరలేదు. ఈలోగా మెట్రో కోసం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పొడుగునా చెట్లు మిషన్లతో కోసేస్తుంటే, రంపం పట్టుకుని ఎవరింటికి పోయినా నవ్వేవాళ్లు. మీర్‌పేట్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. వాయిదాలకు మాత్రం ఎల్బీనగర్ కోర్టుకు తిరుగుతూనే ఉన్నాడు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఇస్సాకు ఏడ్చాడు, అందరికీ మిఠాయి పంచాడు. ఉద్యమం కేసులు ఎత్తేస్తున్నారని తెలిసి సుమన్ దగ్గరికి వెళ్లాడు. సుమన్‌కు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు, బయట కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు.

"అన్నా, నీ కేసు దొంగతనం గద. ఉద్యమం కేసుల్ల అది రాదు" అన్నాడు సుమన్, ఫోను చూసుకుంటూ.

"నువ్వే పిలిస్తివి గదా తమ్మీ. గదొక్కటి చెప్పు."

"చెప్తే నా మీద కూడ దొంగతనం పడతది. జర సమజ్ జేస్కో అన్నా. ఒప్పుకో, జుర్మానా ఏస్తరు, అయిపోతది. పరేషాన్ గాకు."

తిరిగి తిరిగి అలిసిపోయి, ఒక వాయిదా నాడు ఇస్సాకు ఒప్పుకున్నాడు. జడ్జిగారు దొంగతనం చేశావా అంటే చేశానన్నాడు. ఇంటికొచ్చి ఎలీశమ్మకు చెప్పాడు.

"నా చెయ్యి ఇరిగింది దొంగతనంల అన్నట్టు" అంది ఆమె.

"కేసు ఒడిసింది గదనే."

"నీది ఒడిసింది."

ఆ క్రిస్మసుకు చర్చికి ముఖ్య అతిథిగా సుమన్ వచ్చాడు. పాస్టరుగారు శాలువా కప్పారు. ఉద్యమంలో లాఠీదెబ్బలకు వెరవని బిడ్డ అని పొగిడారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆడవాళ్ల వరసలో ఎలీశమ్మ లేచి నిలబడింది. ఏదో అంటుందనుకుని చప్పట్లు ఆగిపోయాయి. ఆమె సుమన్ మొహంలోకి చూసింది. అతను పక్కనున్న పాస్టరుతో ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె చాప దాటి, పిల్లలను దాటి బయటికి నడిచింది.

ఇస్సాకు లేవబోయాడు. అందరూ తన వైపే చూస్తున్నారనిపించి మళ్లీ కూర్చున్నాడు. తర్వాత కేకు పంచారు. అతనికీ ఒక ముక్క ఇచ్చారు, తిన్నాడు. ఇంటికి వెళ్లేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఎంత పిలిచినా అది తెరుచుకోలేదు.