గోడవైపు తిరిగిన రెండక్షరాలు

మా పక్కింటి అన్నయ్య పోయాడని మా రైల్వే ఊళ్లో ఝపటాపూర్ పేట చాయ్ దుకాణంలో తెలిసినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవుడు సెప్పినాడు?" అది ఆయన మాటే. ఎవరేం చెప్పినా ముందు అదే అడిగేవాడు. రేడియోలో వాన పడిందంటే, "సెప్పినోడు తడిసినాడా?" అనేవాడు. తెలియనిది తెలిసినట్టు చెప్పే నా జబ్బుకి ఇన్నాళ్లూ ఆయనే మందు.

రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక రోజూ పొద్దున్నే ఒక పాత ఇనప బాల్చీతో వీధి కుళాయికి వచ్చేవాడు. దానిమీద ఇంగ్లీషులో జి, ఐ అని రెండక్షరాలు. కింద పెట్టినప్పుడల్లా వాటిని గోడవైపు తిప్పేవాడు.

వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సిపాయిల శిబిరంలో కూలి చేశాడు. బాల్చీ ఆ రోజుల్లో ఇంటికి తెచ్చిందే. ఆ సిపాయిలని జి.ఐ.లంటారు. ఎందుకన్నది ఇంకా తగాదాయే. 'గవర్నమెంట్ ఇష్యూ', అంటే సర్కారు ఇచ్చిన సరుకని కొందరు. కాదు, 'గాల్వనైజ్డ్ ఐరన్', జింకుపూత ఇనుమని కొందరు. జీపు పేరుకీ ఇలాంటి గొడవే ఉంది గానీ, అది మొదలెడితే చాయ్ చల్లారిపోతుంది. చదువుకున్నవాళ్లకి ఇదంతా కాలక్షేపం. అన్నయ్యకి కాదు. మొదటిదైతే బాల్చీ సర్కారుది, తండ్రి దొంగ. రెండోదైతే బజార్లో కొన్నది.

ఖరిదా బజార్లో ఒక కొట్టువాడు బాల్చీ చూసి, "మిలిటరీ మాలా, దాదా?" అని, అంటే మిలిటరీ సరుకా అని, నవ్వాడని ఆ వీధి ముఖమే చూడటం మానేశాడు.

ఒకసారి ఎక్కడో చదివి పరుగెత్తాను.

"అన్నయ్యా, నువ్వే గెలిసినావు! మొదట్లో అది గాల్వనైజ్డ్ ఐరనేనట. బాల్టీల మీద అలాగే రాసేవోరట."

అనుమానంగా చూశాడు. "ఎవుడి బాల్టీల మీద?"

"మిలిటరీ..." నాలుక కరుచుకున్నాను.

"సూసినావా! గెలిపించినట్టే గెలిపించి మా అయ్యని ఠాణాకి ఈడ్సినావు." మళ్లీ ఆయనే అన్నాడు, "ఇనుము ఇనుమే, తమ్ముడూ. అర్థం అడిగినోడి మొహం సూడాల, ముందు."

ఆఖరి స్నానానికి నీళ్లు ఆ బాల్చీతోనే తెచ్చారు. సాయంత్రం ఆయన కూతురు దాన్ని చూస్తూ అడిగింది. "సిన్నాన్నా, ఇది మిలిటరీదేనా?"

"ఎవుడు సెప్పినాడమ్మా? జింకుపూత ఇనుము. అంతే."

నిజమేమిటో నాకు తెలీదు. అనుమానం మాత్రం ఉంది, ఆయనకీ ఉండేదని ఇంకో అనుమానం. ఎవరో బాల్చీని అక్షరాలు వీధికి కనిపించేలా పెట్టి వెళ్లారు. వెళ్లి గోడవైపు తిప్పాను. అడుగున మిగిలిన నీళ్లు కాసేపు ఊగి, నిలిచాయి.