పసుపు కింద పాలసీ నంబరు

1989 జనవరిలో నేను షోలాపూర్‌లో ఒక బీమా కంపెనీ బ్రాంచిలో రికార్డు క్లర్కును. హోదా వరుసలో నా కింద ప్యూను, ప్యూను కింద స్టూలు. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. కాని బ్రాంచి మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే భవాని పేట్, దాజీ పేట్ తెలుగు నేతవాళ్లకు పాలసీ చెప్పాల్సి వస్తే డెవలప్‌మెంట్ ఆఫీసరు నన్ను స్కూటరు వెనక ఎక్కించుకునేవాడు.

ఆ నెల దాజీ పేట్ అంతా ఒకటే సందడి. నాలుగు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తువ్వాళ్లు నేయించే గంగారాం, వరసకు నాకు మామ, తువ్వాళ్ల ప్రదర్శనకు జర్మనీ వెళ్తున్నాడు. మా గల్లీ నుంచి విమానం ఎక్కబోతున్న మొదటి మనిషి. వెళ్లేది ఆయనైనా నిద్ర పట్టనిది మాకు.

విదేశాలకు వెళ్లేవారి వైద్య బీమా మాకు అప్పటికి కొత్త సరుకు. దాన్ని ప్రయాణానికి ముందే తీసుకోవాలి. ప్రపోజల్ ఫారంలో పాస్‌పోర్టు నంబరు, వెళ్లివచ్చే తేదీలు రాయాలి. ఉన్న జబ్బులన్నీ చెప్పాలి, దాస్తే తర్వాత క్లెయిము చెల్లదు. ఆ జబ్బుల గడి దగ్గరకు రాగానే మామ కలం కింద పెట్టేశాడు.

“ఊరికి పోయేటోని ముందట రోగం మాట తీస్తవేందిర? గిది కశాలా పాహిజే?” ఇదెందుకు కావాలని సగం మరాఠీలో అడిగాడు.

“మామా, సాంచా పక్కకు విడి పోగులు ఎందుకు యాలాడేస్తవు?”

“పడుగుల పోగు తెగితె అతుకనీకి.”

“తెగుతదని ముందే అనుకునుడు అపశకునం కాదా మరి?”

ఆయన భార్య రాజవ్వత్త వాకిట్లో బీడీలు చుడుతూ నవ్వింది. “పెట్టుర్రి సంతకం. పెట్టకుంటె అల్లుడు విమానంల గూడ మీ పక్కకే కూసుంటడు.”

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆ రోజుల్లో ఇక్కడ ఇల్లు అమ్మినా, ఆ సొమ్ము పరాయి దేశానికి పంపాలంటే సర్కారు అనుమతి రావాలి. అది వచ్చేలోపు రోగమైనా తగ్గాలి, రోగైనా పోవాలి. మామ సంతకం పెట్టాడు. పాలసీ టైపు చేయించి నేనే తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాను.

ఆయన వెళ్లిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, కిరాణా కొట్టు ఫోనుకు నన్ను పిలిచారు. అవతల మామ వెంట వెళ్లిన వ్యాపారి. మామకు అపెండిక్స్, ఆపరేషన్ ఆ రోజే చేయాలి. ఖర్చు ఎవరు భరిస్తారో రాతలో చూపమని ఆసుపత్రివాళ్లు అడుగుతున్నారు. పాలసీ నంబరు చెబితే మా కంపెనీ తరఫున అక్కడున్న సహాయ కేంద్రం హామీ ఇస్తుంది. కాని పాలసీ మామ సంచిలో లేదు. అరగంటలో మళ్లీ చేస్తానని ఆయన పెట్టేశాడు.

నేను కొట్టు దగ్గరే చెప్పులు వదిలి మామ ఇంటికి పరుగెత్తాను. పాలసీ మా నేతవాళ్లు మొక్కే మార్కండేయుని పటం ముందు భద్రంగా ఉంది.

“కొత్త కాయిదం గదా అల్లుడా,” అంది అత్త, మొహం పాలిపోయి. “కొత్త పడుగుల మొదటి తువ్వాల లెక్క దేవునికి పెట్టి మొక్కిన. ఆయన పొయ్యేటప్పుడు తీసియ్య యాదికి రాలె.”

మృత్యువును తరిమినవాడి దగ్గరే కాగితం ఆగిపోయింది. మంచిదే. కాని అత్త దానికి తడి పసుపు పూసి, బొట్టు కూడా పెట్టింది. సరిగ్గా నంబరు మీద! చివరి రెండు అంకెలు పసుపులో కరిగిపోయాయి. నకలు ఆఫీసు బీరువాలో ఉంది. ఆఫీసుకు తాళం, తాళంచెవి మేనేజరు జేబులో, మేనేజరు పెళ్లికి పుణెలో. జీవితంలో మొదటిసారి నాకు జోకు తోచలేదు.

అత్త కాగితం లాక్కుని గడపలోకి వెళ్లింది. తువ్వాలలో పోగు తప్పిందేమో చూసినట్టు ఎండకు ఎత్తి పట్టి, తిరగేసి, వేలితో తడిమింది.

“మిషిని కొట్టిన గుంతలున్నయ్ సూడు.”

టైపు అచ్చులు లోతుగా దిగి కాగితం వెనక ఉబ్బెత్తుగా తేలి ఉన్నాయి. అంకెలన్నీ అద్దంలోలా అటు తిరిగి ఉన్నాయి. అక్షరం రాని అత్త వేలు నడిపిన దారిలో నేను గాల్లో గీసి చూశాను. ఏడు, నాలుగు. రెండుసార్లు సరిచూసుకుని కొట్టుకు పరుగెత్తేసరికి ఫోను మోగుతోంది. నంబరు మూడుసార్లు చెప్పాను. సాయంత్రానికి హామీ అందింది, ఆపరేషన్ అయింది.

మామ తిరిగొచ్చాక చొక్కా ఎత్తి కుట్లు చూపించాడు. “అతుకు మంచిగనే పడ్డదిర. నీ నోరు మాత్రం అపశకునమే.”

ఆ తర్వాత విదేశాలకు వెళ్లేవాళ్లకు పాలసీ ఇచ్చిన ప్రతిసారీ నేను చెప్పింది ఒక్కటే: విమానం ఎక్కకముందే తీసుకోండి, జబ్బు దాచకండి. అసలు కాగితం మనిషి వెంట వెళ్లాలి, దేవుడికి జిరాక్సు చాలు.