దడి దాటిన కుండ

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్క మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అది తెలుగు మాట కూడా కాదు. బర్మా మాట. "యడే." అంటే అవుతుంది, పర్లేదు, కానివ్వండి అని. రంగూన్‌లో మా తెలుగువాళ్ళలో బర్మా భాష ముక్క రానివాళ్ళకు కూడా ఈ మాట వచ్చు. ఏ ఆఫీసు గుమ్మం ముందు నిలబడినా చెవులు రిక్కించి మేం వినాలనుకునేది అదొక్కటే. ఆ మాటతో నేను ఒక ముసలాయన్ని మోసం చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది రంగూన్‌లో తాకేటా పేట. అప్పుడు మిలిటరీ పాలన. మగాళ్ళు సందుల్లో, మెట్ల మీద, పంపుల దగ్గర ఎక్కడపడితే అక్కడ కల్లు తాగేవాళ్ళు. గొడవలు, అరెస్టులు, పెళ్ళాలు స్టేషను చుట్టూ తిరగడాలు. చివరికి పేట ఆఫీసువాళ్ళు కాలవ ఒడ్డున ఖాళీ స్థలం చుట్టూ వెదురు దడి కట్టించారు. దడి లోపల కూర్చుని తాగితే ఎవరూ ఏమీ అనరు. కల్లు దడి దాటి బయటికి వస్తే మాత్రం పట్టుకుపోతారు.

నిజం చెప్పాలంటే ఆ దడి నాకు నచ్చింది. మొగుడు ఎక్కడ పడిపోయాడో అని వెతుక్కునే పని ఆడవాళ్ళకి తప్పింది. పైగా నలుగురు ఒకచోట చేరితేనే అనుమానంగా చూసే ఆ కాలంలో బర్మావాళ్ళు, మనవాళ్ళు, ఒడియావాళ్ళు కలిసి కూర్చుని నవ్వుకోవడానికి మా పేటలో ఉన్న చోటు అదొక్కటే. సగం మంది తాగడానికి కాదు, కబుర్లకే వచ్చేవారు.

చిక్కల్లా మా నూకాలమ్మ గుడితో వచ్చింది. గుడి అంటే రేకు కప్పు కింద పసుపు పూసిన రాయి. అది దడికి నలభై అడుగుల అవతల ఉండిపోయింది. ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి అమ్మవారి ముందు సాక పొయ్యాలి. కుండెడు కల్లు నేలమీద ధారగా పొయ్యడం, అంతే. అందులో చుక్క ఎవరూ తాగరు. ఆ సాక పోసేది సిమ్మాద్రి తాత. రేవులో మూటలు మోసి మోసి మెడ ఒక పక్కకి ఒరిగిపోయిన మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచి ఒక్క ఏడు కూడా సాక తప్పనివ్వలేదు. బర్మా భాషలో ఆయనకి వచ్చిందల్లా యడే ఒక్కటే.

నేను బర్మా బడిలో చదువుకున్నదాన్ని కాబట్టి మావాళ్ళ ఆఫీసు పనులన్నీ నా నెత్తినే పడేవి. ఆ ఒక్కరోజు కుండ గుడిదాకా తేనిస్తారేమో అడగమని తాత నన్ను పంపాడు.

వెళ్ళాను. కానీ నాకూ ఒక పని ఉంది. మా ఆయన నడుం దెబ్బతిని మంచాన ఉన్నాడు. దడి లోపల నా గారెల మూకుడు పెట్టుకోనిస్తే ఇల్లు గడుస్తుంది. ముందు అదే అడిగాను. పేట ఆఫీసు పెద్దాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే "యడే" అన్నాడు. తర్వాత తల ఎత్తి, ఇంకేమైనా ఉందా అన్నాడు.

ఉంది. నాలిక చివరే ఉంది. రెండోది అడిగితే మొదటిది వెనక్కి తీసుకుంటాడేమో! ఏమీ లేదని చెప్పి వచ్చేశాను. అది భయమేనా? ఇన్నేళ్లూ భయమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే భయం సగమే, నా పని అయిపోయింది కదా, ఇంక వెళ్ళిపోదాం అన్న తొందర మిగతా సగం.

గుడి దగ్గర తాత ఎదురుచూస్తున్నాడు.

"ఏటన్నారే అమ్మీ?"

"యడే అన్నారు తాతా."

అన్నారు కదా మరి! రేపు వెళ్ళి అసలు సంగతి అడిగేస్తే సరిపోతుంది అనుకున్నాను. రేపు పప్పు రుబ్బుకోవాల్సి వచ్చింది. ఎల్లుండి మా ఆయనకి మందు తేవాల్సి వచ్చింది. ఈలోగా అమావాస్య వచ్చేసింది.

ఆ ఉదయం తాత తడిబట్టలతో దడి లోపలికి వచ్చాడు. కుండలకి పేరుపడ్డ ట్వంటే ఊరి నుంచి తెప్పించిన కొత్త కుండకి పసుపు రాసి, వేపమండలు కట్టి, కల్లు నింపి నెత్తిన పెట్టుకున్నాడు. నా పక్కనుంచే వెళ్తూ నన్ను చూసి నవ్వాడు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. గారె మాడిపోతుందని గారె తిప్పాను. దేవుడా, గారె!

దడి గుమ్మం దాటగానే ఆఫీసు మనుషులిద్దరు అడ్డుపడ్డారు. తాత ధైర్యంగా "యడే, యడే" అన్నాడు. తనకి అనుమతి ఉందని ఆయన ఉద్దేశం. ముసలాడు వెక్కిరిస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు. ఒకడు లాగితే కుండ జారి పగిలింది. అమ్మవారి కల్లు దడి పక్క బురదలో కలిసింది. రెండోవాడు నన్ను పిలిచి, వీడికి అనుమతి ఎవరిచ్చారో అడుగు అన్నాడు.

"ఎవులు సెప్పేరని అడుగుతున్నారు తాతా." తాతని అడిగాను.

తాత నా వంక చూశాడు. పొయ్యి మీద మూకుడు వంక చూశాడు.

"అమ్మోరు సెప్పిందని సెప్పే అమ్మీ. నువ్వు మద్దిన రాకు."

అదే బర్మాలో చెప్పాను. తాగి వాగుతున్నాడన్నారు. సాక పోసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని తాగుబోతని పట్టుకుపోయారు.

తొమ్మిది రోజులకి వదిలారు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా తలమీద చెయ్యి వేసి, "ఆళ్ళు నీకు యడే అనీసి మాట తప్పేరు. ఆడకూతురివని సులకన సేసేరు. నీ తప్పేటుందే?" అన్నాడు.

నేను తల ఊపాను. మొదటి అబద్ధం కన్నా ఆ తల ఊపడమే పెద్ద పాపం.

తాత మళ్ళీ సాక పొయ్యలేదు. ఒకసారి కుండ జారిన చేతులు అమ్మవారికి పనికిరావన్నాడు. అప్పటి నుంచి వేరే ఆయన పసుపునీళ్ళు పోసేవాడు. తాత దూరంగా కూర్చుని చూసేవాడు. పేటంతా నన్ను జాలిగా చూసింది, నా గారెలు కొంది. తాత ఇంకో పదేళ్లు బతికాడు. రోజూ సాయంత్రం నా దగ్గర ఒక గారె తినేవాడు. అంటే రోజూ చెప్పడానికి నాకు వీలుండేది. ఒక్కరోజు కూడా చెప్పలేదు.

ఆ దడి ఎప్పుడో పోయింది. గుడి ఉంది. మొన్న అమావాస్యకి పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఆఫీసువాళ్ళు సిమ్మాద్రి తాతని మోసం చేసిన సంగతి చెప్పమన్నారు నన్ను. పెద్దదాన్ని కదా! చెప్పాను. వాళ్ళు మోసం చేసినట్టే చెప్పాను. ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇంటికి వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు. రాస్తుంటే గొంతులో అడ్డం కొంచెం కదిలినట్టుంది, అంతే. ఆయనకి చెప్పాల్సింది చివరికి మీకు చెబుతున్నాను. ఆ పెద్దాయన మాట తప్పలేదు తాతా. ఆయన యడే అన్నది నా మూకుడికి. నీ సాక సంగతి నేను అడగనేలేదు.