తమ్ముడి చేతిలో పెట్టిన రాకెట్

తమ్ముడు పోయిన నలభై రోజులకు మళ్లీ టెన్నిస్ కోర్టుకు వెళ్లాను. ఆడటానికి కాదు, పొద్దున పూట ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. నస్పూర్‌లో మా బొగ్గు గనుల కాలనీ చివర, క్వార్టర్ల వెనక ఉంది ఆ కోర్టు. బొగ్గు దుమ్ము తెల్లారేసరికి గీతల మీద పేరుకుంటుంది. ముందు వచ్చినవాళ్లు ఊడవాలి. చాలా ఏళ్లు ఆ పని తమ్ముడే చేశాడు. ఆ రోజు ఎవరూ ఊడ్చినట్టు లేదు. ఆట అప్పటికే అయిపోయింది. రేకుల షెడ్డు కింద ఏడెనిమిది మంది కూర్చొని, ఒక కొత్త రాకెట్‌ను చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు.

నన్ను చూసి లేచారు. ఇద్దరు నా చెయ్యి పట్టుకున్నారు. మెడికల్ షాపు నడిపే అతను కుర్చీ తుడిచి వేశాడు. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పిన రోజుల్లో నా దగ్గర చదువుకున్నవాడు. తర్వాత మళ్లీ రాకెట్ దగ్గరికి వెళ్లిపోయారు.

“ఒక్కసారి పట్టుకోండ్రి సార్. వెన్న. వెన్న లెక్క పోతది బాల్,” అన్నాడు మెడికల్ షాపతను.

“మొన్న ఇంకోదాన్ని గూడ వెన్న అన్నవు గదరా,” అన్నాడు రిటైరైన సర్వేయర్. అతనిది నా వయసే. “నీకు వెన్న తప్ప వేరే మాట దొరకదా?”

“గది ప్యాకెట్ వెన్న అన్నా. గిది ఇంట్ల చిలికిన వెన్న.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఉంటాను.

ఆ రాకెట్ కంపెనీ పేరు రాయను. చిన్న కంపెనీ. దుకాణాల్లో అమ్మదు. కొనాలంటే ముందు ఫోనులో ఒక ఫారం నింపాలి. ఆటను ఎందుకు ప్రేమిస్తున్నావో అందులో రాయాలి. వాళ్లు చదివి, నువ్వు తగినవాడివనుకుంటే అమ్ముతారు. ఇంతవరకు ఎవరినీ కాదన్నట్టు నేను వినలేదు. అమ్మకం మొదలుకాకముందే “అయిపోయాయి” అని ప్రకటిస్తారు, వారం తర్వాత “మీ కోసం కొన్ని దాచాం” అంటారు. మా మెడికల్ షాపతన్ని ఈ జిల్లాలో తమ కుటుంబ సభ్యుడని చెప్పుకుంటారు. అంటే డీలరు.

ఇదంతా వేరేవాళ్ల తప్పే అన్నట్టు రాసే హక్కు నాకు లేదు. అంతకుముందు ఏడాది అతను వచ్చి, “సార్, మా కంపెనీకి తెలుగుల రెండు లైన్లు కావాలె. మీ అసొంటోళ్లు రాస్తెనే బాగుంటది,” అన్నాడు. నేను రాసిచ్చాను. “నేల లోపలి చీకటిని బలంగా మార్చుకున్న చెయ్యి ఇది.” అదీ వాక్యం. చెయ్యి చీకటిని ఎలా మార్చుకుంటుందో నాకు తెలియదు. నేను గనిలోకి దిగింది జీవితంలో ఒక్కసారి, అదీ చూడటానికి. ముప్పై ఏళ్లు పిల్లలకు మంచి వచనం ఎలా ఉండాలో చెప్పినవాణ్ణి. ఆ వాక్యానికి బదులుగా ఒక రాకెట్ తీసుకున్నాను.

దాన్ని గట్టింగ్ వేయమని, అంటే తీగలు బిగించమని, తమ్ముడికిచ్చాను. తమ్ముడు బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రాలు క్వార్టరు వరండాలో, తనే బాగుచేసుకున్న పాత చేతి మిషను మీద, కోర్టుకు వచ్చేవాళ్ల రాకెట్లకు తీగలు బిగించేవాడు. ఎవరి రాకెట్ వచ్చినా అతని పద్ధతి ఒకటే. ముందు పిడి మీది పట్టీ మొత్తం విప్పేవాడు. వెండి తూచే చిన్న త్రాసు మీద తూచేవాడు. స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి, ఎక్కడ సమంగా ఆగుతుందో చూసేవాడు. రెండు అంకెలూ పిడి మీద పెన్సిల్‌తో రాసి, మళ్లీ పట్టీ చుట్టేవాడు. చేయమని ఎవరూ అడగలేదు, చేశానని అతనూ చెప్పలేదు.

నా రాకెట్ తల మీది ప్లాస్టిక్ అంచు ఊడదీసి, కింద గోటితో గీకాడు. నల్ల రంగు కింద నీలం కనిపించింది.

“గిది ఇంకో కంపెనీ బ్యాటన్నా. రెండేండ్ల కింద గిసొంటిదానికి నేనే గట్టింగ్ ఏసిన. గదే అచ్చు, గవే రంధ్రాలు. పైన రంగేసిండ్రు.”

మర్నాడు పొద్దున నన్నడిగి, దాంతో ఒక పూట ఆడాడు. ఎలా ఉందని అడిగాను.

“మంచిగనే ఉన్నది. చెడ్డదైతే గాదు. గీళ్లు చెప్పేదే అబద్ధం,” అన్నాడు. తువ్వాలతో పిడి తుడిచి నాకిచ్చాడు. “నువ్వు రాసింది గూడ చదివిన,” అన్నాడు.

ఇప్పుడు షెడ్డు కింద మెడికల్ షాపతను తన కుర్చీ నా పక్కకు జరిపాడు.

“సార్, మీతోని ఒక ముచ్చట ఉన్నది. కంపెనీవాళ్లకు మన అన్న పోయిన సంగతి చెప్పిన. వాళ్లు బగ్గ బాధపడ్డరు. ఆయన పేరు మీద ఒక ఎడిషన్ తీస్తరట. మొత్తం బొగ్గు రంగు. ఏటేటా గీ కోర్టుల ఆయన పేరు మీద టోర్నమెంటు పెడ్తరట. ఖర్చంత వాళ్లదే. మీ మరదలు ఒప్పుకుంటె సాలు.”

ఫోను నా చేతిలో పెట్టాడు. పోస్టరు అప్పటికే తయారై ఉంది.

తమ్ముడు ఉన్నాడు అందులో. తల మీద గని టోపీ, దాని మీద వెలుగుతున్న లైటు. తమ్ముడు వర్క్‌షాపు మనిషి, ఆ లైటు పెట్టుకొని రోజూ దిగినవాడు కాదు. ముఖం, ఒళ్లు ఈ కోర్టులో తీసిన క్లబ్బు ఫొటోలోవి. చేతిలో కంపెనీ రాకెట్. ముఖానికి కొంచెం మసి కూడా పూశారు. కింద తెలుగులో, “చివరి రోజుల్లో ఆయన నమ్మింది ఈ ఒక్క ఫ్రేమ్‌నే” అని ఉంది.

“గా లైనుకు జర బరువు తేవాలె సార్. మీకైతే అలవాటే గదా,” అన్నాడు.

అప్పటికి సర్వేయర్, మరో ఇద్దరు నా భుజాల మీదుగా ఫోనులోకి వంగారు.

“అరె, గిది పదహారు-పంతొమ్మిది గాదు,” అన్నాడు ఒకతను. నిలువు తీగలు పదహారు, అడ్డం పంతొమ్మిది ఉండాలని అతని బాధ. “ఎంచుండ్రి. నిలువువే పద్దెనిమిది ఉన్నయి.”

“పద్దెనిమిది ఎక్కడివిరా, పెద్దగ జేసి సూడు.”

“గట్లయితె కొత్త ఫ్రేమన్నట్టు! మాకు చెప్పకుంట కొత్తది తీస్తున్నరా?”

“నాకే చెప్పలే,” అన్నాడు మెడికల్ షాపతను. అతను నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. “నేను కుటుంబ సభ్యుణ్ణి గదా, నాకు ముందుగాల చెప్పాలె.”

బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, తీగలు ఒక్కొక్కటి ఎంచారు. అలా ఎంచుతున్నప్పుడు తమ్ముడి ముఖం తెర మీది నుంచి పక్కకు జరిగిపోయింది. మిగిలింది రాకెట్, పిడి పట్టుకున్న చెయ్యి. అది కుడి చెయ్యి. నేను ఫోను తీసుకొని బొమ్మను మళ్లీ చిన్నది చేసి చూశాను. చొక్కా జేబు కూడా కుడి పక్కనే ఉంది. కంపెనీ ముద్రకు చోటు కోసం ఫొటోను తిప్పేశారు.

“మా తమ్ముడు ఏ చేత్తో ఆడేవాడు?” అని అడిగాను.

“గదేం మాట సారూ,” అన్నాడు సర్వేయర్. “ఎడమ చెయ్యి. ఇరవై ఏండ్లు గా ఎడమ చెయ్యి సర్వీసుకు సచ్చిన నేను.” అప్పుడు ఫోను చూశాడు. “అరె! కుడి జేసిండ్రు. గీ చెయ్యి అయితె నేనే గెలుస్తుంటి గదా!”

నవ్వారు. చెడ్డగా నవ్వలేదు. తమ్ముడు ఉంటే అతని ముందు కూడా అలాగే నవ్వేవాళ్లు. మెడికల్ షాపతను, “గదెంతసేపు సార్, తిప్పితె అయిపోతది,” అన్నాడు. ఆ వెంటనే ఎవరో, “తిప్పితె తీగలు పదహారు అయితయా?” అన్నారు. మళ్లీ మొదలుపెట్టారు.

నాకు అసహ్యం వేసింది. కోపం కాదు. కోపమైతే ఎవరో ఒకరి మీద పెట్టుకోవచ్చు. వీళ్లు మా తమ్ముడి పాడె మోసినవాళ్లు. దినం నాడు మా ఇంట్లో వడ్డించినవాళ్లు. వాళ్ల దుఃఖం దొంగది కాదు. కానీ ఒక రాకెట్ బొమ్మ పక్కన పెడితే ఆ దుఃఖం ఎంతసేపు నిలుస్తుందో నా కళ్ల ముందే తెలిసింది. లేని బరువును తెచ్చిపెట్టే పనికి నేనే సరైనవాడినని వాళ్లు అనుకోవడం ఇంకా అసహ్యం. అలా అనుకోవడానికి కారణం నేనే ఇచ్చాను.

ఆ చేతి సంగతి ఇక్కడ చెప్పాలి. చిన్నప్పుడు తమ్ముడు అన్ని పనులకూ ఎడమ చెయ్యే చాపేవాడు. అన్నం దగ్గర అది బాపుకు నచ్చేది కాదు. తినేటప్పుడు వాడి ఎడమ చెయ్యిని వీపు వెనక తువ్వాలతో కట్టేవాడు. వాడు కుడి చేత్తో కలుపుకుంటూ ఏడ్చేవాడు. అవ్వ, అంటే అమ్మ, ఏమీ అనేది కాదు. చివరికి తినడం, రాయడం కుడికి వచ్చాయి. ఉద్యోగం వచ్చి, ఈ కోర్టులో మొదటిసారి రాకెట్ పట్టినప్పుడు ఎడమ చేత్తోనే పట్టాడు. అక్కడ కట్టేవాళ్లు లేరు.

ఆ మధ్యాహ్నం పోస్టరును నా ఫోనులోకి పంపించుకొని మరదలి దగ్గరికి వెళ్లాను. నేనే కాదని చెప్పేయవచ్చు. ఆమెను అడగకుండా కాదనడం కూడా తప్పే అనిపించింది. టోర్నమెంటు సంగతి ముందుగా చెప్పాను. ఆమె ముఖం మారింది. నలభై రోజుల్లో నేను ఆ ముఖంలో అలాంటిది చూడలేదు.

“ఏటేటా పెడ్తరా బావా? పేరు పిలుస్తరా మైకుల?”

“పిలుస్తారట.”

ఫోను చేతికి తీసుకుంది. తీగలు చూడలేదు. మొదటి చూపుకే అంది:

“గీయన చెయ్యి గిటు లేదు గదా.”

“తిప్పేశారు. సరిచేస్తామన్నారు.”

“గా మసేంది? ఆయన డ్యూటి దిగంగనే మూడు సార్లు సబ్బు పెట్టి కడుక్కునేటోడు.” కొంగుతో తెర తుడిచింది. మసి అక్కడే ఉంది. తర్వాత కింది వాక్యం చదివింది. పెదవులు కదిలిస్తూ నెమ్మదిగా చదివింది. “బావా, గీ బ్యాటుతోని ఆడిండా ఆయన?”

“ఒక్క పూట ఆడాడు.”

“ఏమన్నడు?”

“మంచిగనే ఉందన్నాడు. చెడ్డది కాదన్నాడు.”

“మరి గదే రాయుండ్రి. ఒక్క పూట ఆడిండు, మంచిగనే ఉన్నదన్నడు అని. మసి తియ్యుమనుండ్రి, చెయ్యి సరిజేయుమనుండ్రి. గంతే. పేరైతె ఉండనీయుండ్రి.”

ఆమెకు పేరు కావాలి. అబద్ధం అక్కర్లేదు. రెండూ కలిసి రావని ఆమెకు తోచలేదు. నాకు తోచింది, కానీ చెప్పలేదు. ఆమె చెప్పిందే కాగితం మీద రాశాను. “ఈయన ఈ రాకెట్‌తో ఒక పూట ఆడారు. చెడ్డది కాదు, మంచిగనే ఉందన్నారు.” అంతకుముందు ఏడాది రాసిన వాక్యం కన్నా ఇది రాయడానికి ఎక్కువసేపు పట్టింది. ఒక్క మాట కూడా పెంచకుండా ఉండటం నాకు అలవాటు తప్పిపోయింది.

మర్నాడు పదకొండింటికి మెడికల్ షాపుకు వెళ్లాను. అతను ఎవరికో మాత్రలు కత్తిరించి ఇస్తున్నాడు. కాగితం చదివి, నా ముఖంలోకి చూశాడు.

“మజాకా సార్?”

“కాదు. ఆమె చెప్పింది ఇదే.”

“గిట్ల రాస్తె ఎవడు కొంటడు సార్? ఒక్క పూట ఆడిండంటే, తెల్లారి ఎందుకు ఆడలే అని అడుగుతరు.”

“అడగనీ. నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పాలె? గా ఫ్రేమ్ నిజంగ మంచిది సార్. నా తోడు. మీరు చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా? అందరు గట్లనే రాస్తరు.” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదు. “అన్న అంటే నాకు పాణం సార్. ఆయన పేరు నిలబెడ్దామని నేను పరేషానయితుంటే...”

కాగితాన్ని కంపెనీకి పంపమని మాత్రం అడిగాను. పంపాడు. అతను మాట తప్పే మనిషి కాదు.

వారానికి జవాబు వచ్చింది. కుటుంబం భావాలను గౌరవిస్తున్నామని, ఎడిషన్‌ను వేరే రకంగా తీసుకువస్తామని రాశారు. టోర్నమెంటు మాట లేదు. నెల తిరగకుండానే బొగ్గు రంగు రాకెట్ వచ్చింది. పోస్టరులో గని టోపీ, మసి, లైటు అన్నీ ఉన్నాయి. మనిషి మాత్రం ఎవరో కండలు తిరిగిన కుర్రాడు. మా కోర్టులో ముగ్గురు కొన్నారు. సర్వేయర్ కూడా కొన్నాడు. “రంగు మంచిగున్నది సారూ, ఏం జెయ్యాలె,” అన్నాడు.

జవాబు వచ్చిన రోజే మరదలికి చెప్పాను. వంటింటి గడపలో కూర్చొని చింతకాయలు ఒలుస్తోంది. నేను ఫోను చూపించబోతే వద్దంది.

“టోర్నమెంటు లేనట్టేనా మరి?”

“లేనట్టే.”

“ఒక్క పూట అని రాసినందుకా?”

“అందుకే.”

ఆమె మరో కాయ తీసుకొని, ఈనె లాగి, గింజ పక్కన పడేసింది. మంచిదే చేశారని అనలేదు. చెడ్డదని కూడా అనలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కాసేపటికి నేను కూడా కింద కూర్చొని చింతకాయలు ఒలిచాను.