ప్లేటులో నాలుగు కుప్పలు

పొద్దున్న లేచి మొహం కడుక్కోగానే నయోమి ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చుంటుంది. కూరకి కావలసింది రెండు ఉల్లిపాయలే. కానీ ఆ రెండూ తీసేలోపు బుట్టంతా కదిలిపోతుంది. పెద్దవి ఒక పక్కకి, నడిమివి ఒక పక్కకి, మొలకెత్తినవి గట్టు మీదకి వెళ్లిపోతాయి. ఆమె చూపు మాత్రం పొయ్యి మీది టీ గిన్నె మీదే ఉంటుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

"ఇయ్యాల ఉల్లి ఏ గ్రేడే?" అని గుమ్మంలోంచి అడుగుతాడు మొగుడు సైలస్.

"నీకన్నా మంచి గ్రేడే బావా," అంటుంది నయోమి.

చేతులకి ఈ అలవాటు ఊరికే రాలేదు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు మిల్లులో, గ్రేడింగ్ బల్ల దగ్గర, తొమ్మిదేళ్లు కూర్చుంది ఆమె. గుండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు, మాడినది వేరు. గుండులో మళ్లీ నంబర్లు. ఒక పౌండు బరువుకి ఎన్ని పప్పులు తూగితే అదే నంబరు. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదని లెక్క. కొత్తవాళ్లు త్రాసు చూస్తారు. నయోమి వేళ్లతోనే చెప్పేస్తుంది.

పని బాగానే ఉండేది. అయితే వొలవాల్సిన జీడిపిక్కలు అయిపోతే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే ఇంట్లో కూర్చోవాలి. పెళ్లయ్యాక దూరవిద్యలో కట్టిన డిగ్రీ పరీక్షలు పోయినేడు పూర్తయ్యాయి. ఆగని ఉద్యోగం ఒకటి చూసుకుందామని అప్పుడే అనుకుంది.

మొదటి ఇంటర్వ్యూ శ్రీకాకుళంలో, ఒక చీరల షోరూములో. పలాస నుంచి బస్సులో కుదుపులు తింటూ వెళ్లి, ఏసీ గదిలో కూర్చుంది.

"మీలో ఉన్న బలహీనత ఏమిటి?" అని అడిగారు.

అబద్ధం ఎందుకని నయోమి ఉన్నమాటే చెప్పింది. "బస్సెక్కితే కడుపులో తిప్పుతాదండి."

వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సైలస్ పడీ పడీ నవ్వాడు.

"మరి బలం ఏటని అడగలేదా?"

"అడిగేలోపు బయటికెల్లిపోయాను బావా. అప్పుడూ తిప్పుతోంది."

రెండోది ఫోనులో. ఇంటి దగ్గర సిగ్నలు సరిగా అందదు. అందుకని సైలస్ ఆమెని తన ఆటోలో ఎక్కించుకుని, మందస రోడ్డులో సిగ్నలు బాగా దొరికే చోట, జీడితోట పక్కన ఆపాడు. నయోమి ముందు సీటులో కూర్చుని ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుంది. మాటలు మొదలయ్యాక, కూరగాయల సంచీతో తవిటమ్మ వచ్చి వెనకసీటులో కూర్చుంది. ఆమె సైలస్ ఆటోకి పాత బేరం. ఎంత చెప్పినా దిగలేదు.

"అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని ఫోనులోంచి ప్రశ్న వచ్చింది.

నయోమి ఆలోచిస్తూండగా వెనక నుంచి జవాబు వెళ్లింది. "ఈ ఆటో కదిల్తే కదమ్మా ఎక్కడికైనా ఎల్లడానికి."

ఆ ఉద్యోగమూ రాలేదు.

మూడోది విశాఖపట్నం ఆటోనగర్‌లో. ఎండుఫలాలు ప్యాకెట్లు కట్టే కంపెనీ. సరుకు నాణ్యత చూసే మనిషి కావాలన్నారు. ఈసారి నయోమి రైలెక్కి వెళ్లింది. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మేడమ్ మీటింగులో ఉన్నారు, ఇవి తింటూ ఉండండని టీ, ఒక ప్లేటులో జీడిపప్పు పెట్టి వెళ్లారు.

అరగంట గడిచింది. నయోమి లోలోపల జవాబులు వల్లెవేసుకుంటోంది. బలహీనత అడిగితే తొందరెక్కువని చెప్పాలి. అయిదేళ్ల తర్వాత ఇక్కడే ఉంటానని చెప్పాలి. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచింది. మేనేజరు ఝాన్సీలక్ష్మి గారు లోపలికొచ్చి, కుర్చీలో కూర్చోకుండా ప్లేటు వైపు చూస్తూ నిలబడిపోయారు.

నయోమి కూడా అప్పుడే చూసింది. ప్లేటులో పప్పు నాలుగు కుప్పలైపోయి ఉంది. ఒక్క పలుకు కూడా తిన్నది లేదు.

"క్షమించండి మేడమ్. నాను సూసుకోలేదు," అంటూ చేత్తో అన్నీ కలిపేయబోయింది.

"ఆగండి. కలపకండి." ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. "ఇది మా మొదటి రకం ప్యాకెట్టు. మూడువందల ఇరవై నంబరు. మీరెందుకు విడదీశారు?"

నేర్చుకున్న జవాబుల్లో ఈ ప్రశ్న లేదు. అందుకే బెరుకు కూడా లేకపోయింది. "ఈ కుప్ప ఒక్కటే మూడువందల ఇరవై మేడమ్. ఇది నాలుగువందల యాభై, చిన్నది. దీనికి అంచు మాడింది. ఇవి బద్దలు. ఎవరో మీకు కలిపి అంటగట్టీసినారు."

ఝాన్సీలక్ష్మి గారు త్రాసు తెప్పించారు. చిన్నపప్పు కుప్ప తూచి లెక్క కట్టిస్తే నయోమి చెప్పిన నంబరే వచ్చింది. తర్వాత బలహీనత గురించి ఎవరూ అడగలేదు. వారంలో ఉత్తరం వచ్చింది: నెల జీతం, పీఎఫ్, మే ఒకటో తారీఖున చేరాలి.

అక్కడ మొదలైంది అసలు చిక్కు. కాశీబుగ్గ నుంచి మందస దాకా ఏ గుమ్మం ముందు ఎవరు చెయ్యెత్తుతారో సైలస్‌కి తెలుసు. ఆదివారం ప్రార్థనలో డోలక్ వాయించేదీ అతనే. విశాఖలో అతనెవరు? నయోమి అడగలేదు. అడిగితే తన కోసం సరే అనేస్తాడని భయం. సైలస్ కూడా ఉత్తరం ఊసెత్తలేదు. పొద్దున్న ఉల్లిపాయల గ్రేడు అడగడం కూడా మానేశాడు. నాలుగు రోజులు అలా గడిచేసరికి, రాలేనని రాసిన జవాబు నయోమి ఫోనులో తయారైంది. పంపడమొక్కటే మిగిలింది.

గురువారం నాడు సైలస్ టెక్కలి వెళ్లి ఆటోకి సీటుకవర్లు కుట్టించుకొస్తానని బయల్దేరాడు. మధ్యాహ్నం అత్తగారు రెబెక్కా కోడలి పక్కన చేరి చింతపండు పిక్కలు తీస్తూ అంది.

"ఏటే నయోమీ, టెక్కలిలో సీటుకవర్లకి పెళ్లిసొక్కా ఏసుకెల్లాలేటి?"

"ఏసుకెల్లాడా అత్తా?"

"ఏసుకెల్లాడు. ఆటో సూత్తే పెరట్లోనే ఉంది."

సాయంత్రం సైలస్ ఖాళీ చేతులతో వచ్చాడు. అత్తాకోడళ్లిద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు.

"కవర్లేవి బావా?"

సైలస్ తల గోక్కున్నాడు. "విశాఖలో మరిసిపోయాను."

"టెక్కలన్నావు కదా."

"గాజువాకలో ఒక స్కూలుంది. డ్రైవర్లు కావాలన్నారు. ఇంటర్వ్యూకెల్లాను. నీకు సెప్తే, నా కోసం ఎందుకు బావా అని ఉద్యోగమే మానుకుంటావని సెప్పలేదు."

నయోమి ఫోను మెల్లగా కొంగులో దాచుకుంది. "ఏటడిగారు?"

"బలహీనత ఏటని అడిగారు."

"ఏటన్నావు?"

"నా పెళ్లామన్నాను. రాసుకున్నారు."

రెబెక్కా నవ్వుకి చింతపండు ఒళ్లోంచి కింద పడింది. నయోమికి నవ్వుతో పాటు ఇంకేదో వచ్చింది గానీ, ముక్కు తుడుచుకుని ఊరుకుంది.

"ఇచ్చారా మరి?"

"పెద్ద బస్సుకి లైసెన్సు లేదు కదా. సిన్న వ్యానిచ్చారు. జూన్‌లో బడి తెరిసినప్పుడు రమ్మన్నారు. ముక్క గ్రేడే అనుకో."

"ముక్కకీ గిరాకీ ఉంటాది బావా," అంది నయోమి.

మరి ఈవిడ సంగతేమిటని ఇద్దరూ అటు తిరిగారు. రెబెక్కా పడిన చింతపండు ఏరుకుంటోంది. "నా ఏపు సూడకండి. నాకు మిల్లులో పనుంది, మా సంఘం ఉంది, ఈదినిండా అప్పసెల్లెల్లున్నారు. ఒక్కసారైనా ఉల్లిపాయలు ఏరకుండా కూరొండుకుంటాను."

ఆ రాత్రి అన్నాలయ్యాక నయోమి ఫోనులోని జవాబు చెరిపేసి, వస్తున్నానని రాసి పంపింది. మే నెలంతా ఆడవాళ్ల హాస్టల్లో ఉంది. జూన్ రెండో వారంలో సైలస్ డోలక్‌తో సహా దిగాడు.

ఇప్పుడు వాళ్లు గాజువాకలో రెండు గదుల వాటాలో ఉంటున్నారు. కంపెనీకి పలాస నుంచి వచ్చే పప్పంతా నయోమి చూసి సంతకం పెట్టాకే లారీ దిగుతుంది.