ఫుట్‌బాల్ జట్టు కోసం ఉపవాస ప్రార్థన

అన్యాయం జరిగింది మా ప్రార్థన కూడికలోని ఏడుగురు ఆడవాళ్ళకి. జరిగింది పోయిన శుక్రవారం, తెల్లవారుజామున మసీదు బాంగు వినబడినప్పటి నుంచి సాయంత్రం ఆరు దాటేదాకా. చేసింది నేను. ఎవరి నోటినుంచో వంకరగా వినేకన్నా నా నోటితోనే వినండి. టీ పెట్టుకుని మరీ కూర్చోండి, ఆ రోజు మాకు అది కూడా లేదు.

నేను సౌదీలో, ధహ్రాన్‌లో, విదేశీయులుండే ఒక కాంపౌండ్ లైబ్రరీలో క్లీనింగ్ చేస్తాను. ఊళ్ళో, నర్సాపురం దగ్గర, ఎనిమిదితో బడి ఆగిపోయింది. ఆ తరవాతి చదువంతా పకోడీ పొట్లాల కాగితాలతో మొదలై ఈ లైబ్రరీ దాకా వచ్చింది. దుమ్ము దులిపిన ప్రతి అరలోనూ ఒక పుస్తకమైనా చదివాను. ఇంగ్లీషు అట్లాగే పట్టుబడింది. అందుకని నాకు కొంచెం పొగరు, ఒప్పుకుంటాను. చదవని మనిషిని చూస్తే నా నాలుక ఊరుకోదు. కథ మధ్యలో ఉండగా చివరి పేజీ తిప్పి చూసేవాళ్ళనైతే నేను మనుషుల్లోనే లెక్కవెయ్యను. మా కూడికలో కుమారి ఒకసారి అట్లా చూసిందని రెండు నెలలు దానికి పుస్తకం ఇవ్వలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు గొడవ. నితాకత్ అని సర్కారు రూలు వచ్చి కంపెనీలన్నిటికీ రంగులు పూసింది కదా. సౌదీవాళ్ళని సరిపడా పెట్టుకుంటే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. నన్ను తెచ్చిన క్లీనింగ్ కంపెనీ ఎర్రబడింది. మా కఫీలు, మాకు వీసా ఇచ్చిన యజమాని, సౌదీవాణ్ణి పెట్టుకోలేడు, మా మీద లెవీ కట్టలేడు. చేతులెత్తేసి ఫోన్ కట్టేశాడు. ఎర్ర కంపెనీలో ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూ కాదు. పోయిన బుధవారానికి నా ఇకామాకి పంతొమ్మిది రోజులే మిగిలాయి. ఈలోపల ఆకుపచ్చ కంపెనీ ఏదైనా నన్ను తన పేరు మీదికి మార్చుకోవాలి, లేదా నేను ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం. అది మధ్యలో ఆగితే నేను చదివిన పుస్తకాలన్నీ ఎందుకు?

లైబ్రరీ నడిపే కంపెనీ ఆకుపచ్చగా ఉంది. అక్కడి మేనేజర్ వాల్టర్ సారు, అరవై దాటిన అమెరికన్. ఈ మనిషి మాకు కావాలి అని ఆయన ఒక లెటర్ రాస్తే చాలు. మూడు వారాలుగా అడుగుతున్నాను. "చూద్దాం సుగుణా" అంటాడు, వెంటనే ఫుట్‌బాల్‌లోకి దిగుతాడు. ఆయన చదివింది ఒక మతం యూనివర్సిటీ, పాస్టర్లు పెట్టింది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మీద పాత విద్యార్థులు ఒక లావు పుస్తకం వేశారు. అది నా చేతిలో పెట్టి, "నువ్వు చదువుతావు కదా, చదివి చెప్పు" అన్నాడు. లెటర్ కావాల్సినదాన్ని, వద్దంటానా? బంగారం తీసుకున్నట్టు రెండు చేతులా తీసుకున్నాను. ఇంటికెళ్ళగానే, చిన్నప్పటి అలవాటు, పాత క్యాలెండర్ కాగితంతో శుభ్రంగా అట్ట వేశాను. ముందూ వెనకా మడతపెట్టి, టేపు అంటించి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

మర్యాద కోసం మొదలుపెట్టాను కానీ, పుస్తకం నన్ను పట్టేసింది. వాళ్ళ ఫుట్‌బాల్ కాళ్ళతో ఆడేది కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది, వెనకాల పదకొండుమంది మీదపడి తొక్కేది. మొదట్లో ఆ పాస్టర్లు ఇది పాపమని నిషేధించారు. పిల్లలు చర్చి ఎగ్గొట్టి గొడ్ల మేత బయల్లో దొంగతనంగా ఆడేవారు. పన్నెండేళ్ళకి నిషేధం ఎత్తేశారు, రెండు షరతుల మీద: కోచ్ బైబిల్ పాఠం కూడా చెప్పాలి, బుధవారం ప్రార్థన వేళ ప్రాక్టీసు ఉండకూడదు. యుద్ధం వస్తే జట్టు జట్టంతా మిలిటరీకి పోయింది. గ్రౌండులో బంగాళాదుంపలు వేశారు. తిరిగొచ్చినవాళ్ళు దుంపలు తవ్వి, ఆ గుంటల్లోనే మళ్ళీ ఆడారు. పక్క ఊరి స్టేట్ కాలేజీ, డబ్బున్నవాళ్ళు, ప్రతి ఏడూ వచ్చి వీళ్ళని చితకబాది పోయేవారు. తరవాత ఒక కోచ్ వచ్చాడు. నోట్లోంచి ఒక్క చెడ్డమాట రాదు, మరీ కోపమొస్తే టోపీ తీసి నేలకేసి కొడతాడు. భార్య పోయిన మర్నాడు కూడా గ్రౌండుకి వచ్చాడు. ఆ పేజీ దగ్గర నేను ఏడ్చాను, ఎందుకు దాచాలి.

పోయిన బుధవారానికి చివరి అధ్యాయం ఒక్కటి మిగిలింది: ఆ కోచ్, ఆ స్టేట్ కాలేజీ, ఒక మ్యాచ్. ఆ రోజే లెటర్ సంగతి గట్టిగా అడిగాను. సారు ముఖం ఎంతో సీరియస్‌గా పెట్టాడు.

"సుగుణా, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో మ్యాచ్ చూస్తున్నాం. మావాళ్ళూ, స్టేట్ కాలేజీ. మావాళ్ళు గెలిస్తే నీ లెటర్ నీ చేతిలో ఉంటుంది."

"ఓడిపోతే సార్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ప్రార్థన చెయ్యి" అన్నాడు.

చివరి అధ్యాయం అక్కడే మూసేశాను. కళ్ళముందు జరగబోయే మ్యాచ్ ఉండగా పుస్తకంలో పాత మ్యాచ్ ఎందుకు, తరవాత తీరిగ్గా చదువుకోవచ్చులే అనుకున్నాను.

గురువారం సాయంత్రం కుమారి గదిలో కూడుకున్నాం. కుమారి నర్సు, మా కూడికకి సెక్రటరీ. ఈ దేశంలో చర్చిలు ఉండవు కదా, ఏసీ శబ్దం కన్నా తక్కువ గొంతుతో పాడుకునే చిన్న కూడిక మాది. కుమారి దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ప్రార్థన అంశం, అడిగిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, మూడు గళ్ళు గీసి రాస్తుంది. నేను లేచి, "రేపు అందరం ఉపవాసం ఉండాలి. ఒక ఫుట్‌బాల్ జట్టు గెలవాలి" అన్నాను.

మరియమ్మ ఆంటీ కళ్ళజోడు తీసింది. ఇక్కడికి అందరికన్నా ముందు వచ్చిన మనిషి, పైగా షుగరు. "ఏవే, బంతాటకి ఉపవాసమా? అవతలి కాలేజీవాళ్ళకి మాత్రం దేవుడు లేడా?"

"వాళ్ళకి డబ్బుందాంటీ" అని మొత్తం చరిత్ర చెప్పాను. గంటన్నర పట్టింది. నిషేధం దగ్గర అందరూ నవ్వారు. బంగాళాదుంపల దగ్గర ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా ఇకామా గడువు మాట చెప్పేసరికి అందరూ సరేనన్నారు.

కుమారికి మాత్రం ఒక అనుమానం. "అక్కా, మనకి సాయంత్రం నాలుగంటే అమెరికాలో ఇంకా తెల్లారుతూనే ఉంటుంది కదా. అప్పుడు మ్యాచ్ ఏంటి?"

"మతం కాలేజీ అది. నీలాగా పదింటిదాకా పడుకోరు" అన్నాను. అది నోటుబుక్కులో రాసుకుంది. ఆ పిల్లకి క్షమాపణ బాకీ ఉన్నాను.

శుక్రవారం. పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆంటీని వద్దన్నాం, వినలేదు. "దుంపలు తవ్వుకున్న బిడ్డల కోసం ఒక్కపూట ఉండలేనా" అంది. సాయంత్రానికి సారు భార్య, మేడం, వంటింట్లో సాయానికి రమ్మంటే వెళ్ళాను. సారూ, ఇంకో ముగ్గురు ముసలి స్నేహితులూ, నలుగురూ ఒకటే రంగు చొక్కాలు, నాలుగు బొజ్జలు. హాల్లో టీవీ. నా ముందు కళాయిలో వేగుతున్న చికెన్. ఆ వాసనకి నా విశ్వాసం ఎంత కదిలిందో నాకే తెలుసు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. బొమ్మ మసగ్గా ఉంది. మతం కాలేజీ కదా, కెమెరాల దగ్గర పొదుపు చేసుంటారు అనుకున్నాను. ఆటగాళ్ళ జుట్టు మెడలమీద పడుతోంది. క్షవరానికి కూడా పొదుపేనా అనుకున్నాను. గట్టుమీద టోపీతో కోచ్ కనబడ్డాడు, అచ్చం పుస్తకంలో ఫోటోలాగే. ఆయన కొడుకై ఉంటాడు, ఎంత పోలిక, అనుకుని మనసులోనే దీవించాను. ఇన్ని అనుకున్నదాన్ని, అనుకోవాల్సింది ఒక్కటీ అనుకోలేదు.

సగం ఆట అయ్యేసరికి మావాళ్ళు చిత్తుగా వెనకబడ్డారు. సారు తల పట్టుకున్నాడు. కుమారికి ఫోన్ చేశాను. "ఓడిపోతున్నారే. మోకాళ్ళ మీద ఉన్నారా, కూర్చుని ఉన్నారా?"

"కూర్చుని ఉన్నామక్కా, కళ్ళు తిరుగుతున్నాయి."

"మోకాళ్ళ మీదికి రండి" అని చెప్పి నేనూ ఫ్రిజ్ పక్కన మోకరించాను. మా అమ్మాయి ఫీజు, సారు సంతకం, ఆ కోచ్ టోపీ, అన్నీ కలిపి ప్రార్థనలో పెట్టి ఏడుస్తున్నాను. మేడం ఐసు కోసం వచ్చింది.

"అయ్యయ్యో, ఏమైంది సుగుణా?"

"ఓడిపోతున్నారు మేడం."

"ఏడవకు. చివర్లో గెలుస్తారు."

"మీకెలా తెలుసు?"

ఆవిడ ఐసు ముక్కలు గిన్నెలో వేసుకుంటూ, "నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి ఏడూ గెలుస్తూనే ఉన్నారు. ఇది నలభై ఏళ్ళ కిందటి మ్యాచ్ క్యాసెట్. సంవత్సరానికి ఒకసారి నలుగురూ కూర్చుని, ఏమీ తెలియనట్టు చూస్తారు. ఫలితం గురించి ఎవరూ నోరెత్తకూడదని వాళ్ళ రూలు. నీకు చెప్పలేదా?" అంది.

ఫ్రిజ్ పట్టుకుని లేచాను. తరవాత ఏం చేశానో వరసగా గుర్తులేదు గానీ, చికెన్ ట్రేతో సహా వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను. అప్పటికి ఆట ఆఖరి ఘట్టానికి వచ్చిందట.

"సుగుణా, ప్లీజ్, రెండు నిమిషాలు" అన్నాడు సారు, మెడ పక్కకి వంచి.

"నలభై ఏళ్ళు ఆగింది, ఇంకో రెండు నిమిషాలు ఆగుతుంది" అన్నాను ఇంగ్లీషులో. "అక్కడ ఏడుగురు ఆడవాళ్ళూ, ఇక్కడ నేనూ పొద్దుట్నుంచి పస్తులున్నాం. ఒకావిడకి షుగరు. నా ఇకామాకి పంతొమ్మిది రోజులన్నది మొన్న, ఇవాళ పదిహేడు. మీకు క్యాసెట్టు, నాకు బతుకు. నామీదా మీ పందెం?"

సారు రిమోట్ నొక్కాడు. నా వెనకాల జట్టు జట్టంతా గాల్లో ఆగిపోయింది. ఆయన ముఖం తెల్లబోయింది.

"నీకు తెలుసనుకున్నాను. గెలిచే మ్యాచే కదా, అందుకే ఆ మాట అన్నాను. నువ్వు పుస్తకం చదివావు కదా?"

"చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది."

"ఆ స్కోరు పుస్తకం వెనక అట్టమీద ఇంత లావు అక్షరాలతో ఉంది" అన్నాడు ఇంకో ముసలాయన, చేతులు బారెడు చాపి. "కోచ్‌ని భుజాలమీద మోస్తున్న ఫోటో కూడా ఉంది."

వెనక అట్ట. నేను క్యాలెండర్ కాగితం వేసి, మడతపెట్టి, టేపు అంటించిన వెనక అట్ట. వారం రోజులు ఆ స్కోరుని ఒళ్ళో పెట్టుకునే చదివాను. చివరి పేజీ చూసేవాళ్ళు మనుషులు కాదన్న నా నోరు, నా ట్రే, నా మోకాళ్ళు, అన్నీ ఒక్కసారిగా బరువెక్కాయి.

సారు లోపలికెళ్ళి కవరు తెచ్చాడు. తీసి చూస్తే లెటర్, సంతకం, కంపెనీ స్టాంపు. స్టాంపు మీద తేదీ గురువారం. అంటే మేం ఉపవాసం మొదలుపెట్టక ముందే నా పని అయిపోయింది. మూడు వారాలు పట్టింది పై ఆఫీసు స్టాంపు కోసమట, ఆయన సంతకం నేను అడిగిన రోజే పెట్టాడట. "చూద్దాం" అనకుండా ఆ ముక్క నోరు విప్పి చెప్పి ఉంటే ఏం పోయేదో. థాంక్యూ అందామంటే నోట్లో మాటలు లేవు, తిట్టడానికి అన్నీ వాడేశాను. "కూర్చో" అన్నాడు సారు. నలుగురూ జరిగి సోఫాలో చోటిచ్చారు. మళ్ళీ రిమోట్ నొక్కాడు. ఫలితం తెలిసీ, లెటర్ చేతిలో ఉండీ, ఆ ఆఖరి పరుగుకి అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. కోచ్ టోపీ తీసి, ఈసారి నేలకేసి కొట్టలేదు, గుండెకి ఆనించుకున్నాడు.

అప్పుడు కుమారి ఫోన్. "అక్కా, గెలిచారా?"

"గెలిచారు. లెటర్ వచ్చింది. తినేయండి."

అవతల "స్తోత్రం" అని ఏడు గొంతులు ఉండాలి, ఆరే వినబడ్డాయి. ఆంటీ నోట్లో ఖర్జూరాలున్నాయట. మధ్యాహ్నం నుంచీ దిండు కింద పెట్టుకుని తింటూనే ఉందట. ఆ సంగతికి నేను ప్రభువుకి వేరే స్తోత్రం చెప్పుకున్నాను.

"ఎప్పుడు గెలిచారక్కా? జవాబు వచ్చిన తేదీ రాసుకోవాలి" అంది కుమారి.

అబద్ధం చెప్పబోయాను. కానీ అది ప్రార్థన పుస్తకం. గదికి వెళ్ళి, క్యాలెండర్ కాగితం చింపి, వెనక అట్టమీద స్కోరు కింద ఉన్న తేదీ చూసి చెప్పాను. కుమారి ఒక్క మాట అనకుండా రాసుకుంది. ఆ మాట అనకపోవడమే నాకు నెల రోజులు సరిపోతుంది. మీకు నమ్మకం లేకపోతే ఈ శుక్రవారం వచ్చి చూడండి, నా పేరుకి ఎదురుగా ఆ పిల్ల గుండ్రటి అక్షరాల్లో ఇట్లా ఉంటుంది. అంశం: సుగుణక్క గారి ఫుట్‌బాల్. అడిగిన తేదీ: పోయిన గురువారం. జవాబు వచ్చిన తేదీ: నలభై ఏళ్ళ కిందట, నవంబరు నెల, మూడో శనివారం.