అది సార్ వాళ్లమ్మ గొంతు కాదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని కూడా చాలాకాలం ఒప్పుకోలేదు. బస్సులో కూర్చున్నప్పుడో, ఎవరి పెళ్లిలోనో తాంబూలం అందుకుంటున్నప్పుడో పక్కవాళ్ల ఫోన్లో ఆ గొంతు వినిపించేది. "బాగుండారా అమ్మా? గొడ్డూగోదా బాగుండాయా?" అంతే. ఏదో పనున్నట్టు లేచి అవతలికి పోయేదాన్ని. ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఆ గొంతు మీరూ వినే ఉంటారు. మన వైపు ఒక ఆవో నాలుగు గొర్రెలో ఉన్న ప్రతి ఇంటికీ అది తెలుసు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నాను? సార్ పోయారు కాబట్టి. ఆయన పోయిన రోజునుంచి పేపరు తెరిస్తే ఒకటే మాట, టీవీ పెడితే ఒకటే మాట. గొంతు లేనివాళ్లకు గొంతిచ్చిన మహానుభావుడట! చదివినప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది. గొంతు లేనివాళ్లెవరు? మా పల్లెల్లో ఆడవాళ్లకు గొంతు లేదని ఎవరు చెప్పారు వీళ్లకు? పాలకేంద్రం దగ్గర ఒక్క పొద్దు నిలబడి వింటే తెలిసేది. ఆయన ఇచ్చిందేమీ లేదు. ఒక మనిషి దగ్గర ఉన్నదాన్ని తీసుకున్నారు. తెచ్చి ఆయన చేతిలో పెట్టింది నేను.

సార్ పేరు రాయను. మేమంతా సార్ అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. కుప్పం దగ్గర పల్లెలో పుట్టి, బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని మదనపల్లెకు వచ్చి కంపెనీ పెట్టిన మనిషి. చదువు రానివాళ్లు ఫోన్ చేసి అడిగితే వాళ్ల మాటల్లోనే జవాబు చెప్పే యంత్రం ఆయనది. ఆవుకు జ్వరమొస్తే ఏం చేయాలి, పశువుల డాక్టరు ఏ ఊరికి ఎప్పుడొస్తాడు, మార్కెట్ యార్డులో టమోటా ఈ పొద్దు ఎట్లా పోతోంది, అన్నీ చెప్పేది. దానివల్ల బతికిన దూడలున్నాయి. దళారి చేతిలో మోసపోకుండా బయటపడ్డ రైతులున్నారు. ఆయన చెడ్డవాడని నేను అనను. అంటే నాకు తేలికవుతుంది. కానీ అది మళ్లీ ఇంకో అబద్ధం.

నాది పుంగనూరు. తెలుగు ఎమ్మే చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని సార్ పిలిచి పని ఇచ్చారు. మొదట్లో ఆ యంత్రం వార్తలు చదివినట్టు మాట్లాడేది. జనం సగంలోనే పెట్టేసేవాళ్లు. "మనవాళ్ల గొంతు కావాలమ్మా, పోయి వెతుకు," అన్నారు. వెతుక్కుంటూ పోయాను. పెద్దపంజాణి దగ్గర ఒక పల్లెలో, పాలు పలచగా ఉన్నాయన్న పాలకేంద్రం మనిషితో ఒకామె తగవు పెట్టుకుంటోంది. తగవులో కూడా ఆ గొంతులో ఏదో తడి ఉంది. తిడుతున్నా వినాలనిపించింది. ఆమె పేరు రెడ్డెమ్మ. రెండు ఆవులు, కాసిని గొర్రెలు, పెద్దగా నోరు విప్పని భర్త.

వేసవి సెలవుల్లో బడి గది ఒకటి అడిగి తీసుకుని అక్కడ రికార్డు చేశాం. ఫ్యాను చప్పుడు పడుతుందని ఫ్యాను కట్టేశాం. చెమటలు కారుతుంటే ఆమె నవ్వేది. నేను రాసుకుపోయిన వాక్యం చదివి వినిపిస్తే, "ఇట్ల ఎవురు మాట్లాడతారు పాపా" అని తన తీరులో తిప్పి చెప్పేది. ఒకరోజు అడిగింది, ఈ మాటలన్నీ యాడికి పోతాయని. నేనన్నాను: "నువ్వు చెప్పిన మాటే పోతుందక్కా. నువ్వు చెప్పని మాట ఒక్కటి కూడా పోదు."

మాటివ్వమని ఎవరూ అడక్కుండానే ఇచ్చిన మాట అది. ఇచ్చినప్పుడు నిజమే అనుకున్నాను.

ఆ గొంతుతో కంపెనీ ఎక్కడికో వెళ్లిపోయింది. ఢిల్లీనుంచి ఒక పత్రికవాళ్లు రాసి అడిగారు, ఇంత చల్లటి గొంతు ఎవరిదని. సార్ తరఫున జవాబులు రాసేది నేనే. రెడ్డెమ్మ పేరు రాయడానికి నాకేం అడ్డం? ఏమీ లేదు. కానీ అది చప్పగా అనిపించింది. సార్ తల్లి ఆయన చిన్నప్పుడే పోయిందని విన్నాను. "అది మా అమ్మ మాట. ఆమె లేని లోటు తీరక ఆమెలా పలికే యంత్రాన్ని చేసుకున్నాను," అని రాశాను. రాసి మురిసిపోయాను కూడా. సార్ దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత, "మా అమ్మ ఇట్లనే మాట్లాడతా ఉండె," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. నేను చేసింది తప్పెలా అవుతుందనుకున్నాను అప్పుడు. కొన్నాళ్లకు ఆ మాటను సభల్లో ఆయనే తన నోటితో చెప్పడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్లకు నమ్మారు. ఆ అబద్ధాన్ని కన్నది నేను. సాకింది ఆయన.

ఆ తర్వాత యంత్రం ఇంకా తెలివిమీరింది. ఆ రికార్డులన్నీ నేర్చుకుని, రెడ్డెమ్మ ఎన్నడూ పలకని మాటను కూడా రెడ్డెమ్మలాగే పలకసాగింది. మొదటిసారి విన్నరోజు ఆఫీసంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బడి గదిలో ఇచ్చిన మాట ఆ చప్పట్ల మధ్య గుర్తుకొచ్చిందా? వచ్చింది. రాలేదని రాద్దామనుకున్నాను, కానీ వచ్చింది.

ఒక దాణా కంపెనీ వచ్చింది. తమ దాణా గురించి ఆ గొంతుతో చెప్పించమన్నారు. వాక్యాలు నేనే రాశాను. ఉత్త ప్రకటనలా ఉంది, సొంత మనిషి చెప్పినట్టుండాలి అన్నారెవరో. అప్పుడు ఈ మాట కలిపాను: "నా ఆవుకు గూడా ఇదే పెడతాండానమ్మా, మీరూ పెట్టండి."

వేరే ఊళ్లలో అది ఎవరిదో ఒక గొంతు. రెడ్డెమ్మ ఊళ్లో మాత్రం అది రెడ్డెమ్మే. పక్కింటి రెడ్డెమ్మ పెడుతున్నానని చెబితే ఎవరు పెట్టరు? వానల కాలంలో ఆ ఊరి ఆవులు మేత ముట్టడం మానేశాయి. కడుపులు ఉబ్బాయి. రెడ్డెమ్మకు ఎదురింటి శాంతమ్మ సూడి ఆవు కడుపులో దూడతో సహా చచ్చిపోయింది. దాణా వల్లేనా, బస్తాలు తడిసి బూజు పట్టాయా, డాక్టరు కూడా తేల్చలేదు. నాకూ తెలియదు. ఊరు మాత్రం తేల్చుకుంది. తన ఆవుకు పెట్టుకోకుండా మాతో పెట్టించింది అన్నారు.

ఒక మధ్యాహ్నం రెడ్డెమ్మ బస్సెక్కి మదనపల్లె ఆఫీసుకు వచ్చింది. మంచినీళ్లు ఇచ్చాను. తాగింది. గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది.

"పాపా, ఆ ఫోన్లో మాట్లాడేది నేనే కదా?"

నేను గ్లాసు కోసం చెయ్యి చాపాను.

"దాణా మాట నేను యాపొద్దూ సెప్పలే. నువ్వే కదా కూసోబెట్టి సెప్పించింది, నీకు తెల్దా? శాంతమ్మ ఆవు సచ్చిపాయ. నేను పాలకేంద్రం కాడికి పోతే అందురూ పక్కకు జరుగుతాండారు."

"నన్నేం చెయ్యమంటావక్కా?"

"నాకేం వద్దు. ఒక్కతూరి ఊరికి రా. ఇది రెడ్డెమ్మ సెప్పిన మాట కాదు, మేం మిషన్తో సెప్పించినాం అని నలుగురిలో ఒక మాట సెప్పు. సాలు."

అంతే అడిగింది. గంటన్నర బస్సు ప్రయాణం, ఒక్క మాట. నేనేం అన్నానో తెలుసా?

"అక్కా, అది నీ గొంతు కాదు," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "నాది కాదా?"

"కాదక్కా. శానామంది గొంతులు కలిపి మిషన్ చేసింది. వినేదానికి నీదిలాగుంటాది, అంతే. అది సార్ వాళ్లమ్మ గొంతు. పేపర్లో గూడా పడింది." ఆ రెండు అబద్ధాలు ఒకదానికొకటి పొసగవని కూడా నాకు తోచలేదు.

"మా ఇంటి ఆయప్ప గూడా నాదే అన్నాడే. మా కుక్క గూడా ఫోన్లో ఆ గొంతు ఇంటే తోకాడిస్తాది." మళ్లీ అంది, "నా గొంతు నాకు తెల్దా పాపా?"

"మన గొంతు మనకు వేరేగా వినిపిస్తాదిలే అక్కా."

ఆమె చెయ్యి ఎత్తి తన మెడమీద పెట్టుకుంది. తర్వాత లేచి, "అట్లనా. సరేలేమ్మా," అంది. అంతవరకూ పాపా అని పిలిచిన మనిషి వెళ్తూ వెళ్తూ అమ్మా అంది. పరాయివాళ్లను పిలిచినట్టు.

ఎందుకు చేశాను ఆ పని? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. సార్ చెప్పమన్నారా? అసలు ఆయనకు తెలియనే తెలియదు. తల్లి గొంతని నేను రాసిన మాట పత్రికల్లో, సభల్లో, సార్ కళ్లలో అంత ఎత్తున నిలబడి ఉంటే, ఒక పల్లెకు పోయి దాన్ని నా చేత్తో నేనే పడగొట్టడం ఇష్టం లేకపోయింది. అదీ కాదేమో. ఆమె చదువుకోలేదు, నేను చెబితే నమ్ముతుంది, నమ్మకపోయినా ఏం చేస్తుంది అన్న ధీమా. అవును, అదే. మిగతావన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు.

ఆ సాయంత్రం సార్‌తో, "పెద్దపంజాణి వైపు ఒక ఊళ్లో చిన్న గొడవైంది సార్, సర్దేశాను," అన్నాను. "గుడ్," అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండా. ఏ ఊరు, ఎవరు, ఏం గొడవ? ఒక్క ప్రశ్న అడగలేదు. లక్షలమంది ప్రశ్నలు వినే యంత్రం చేసిన మనిషికి అడగాల్సిన ఒక్క ప్రశ్న లేకపోయింది! కొన్నాళ్లకు ఆ ప్రకటన ఆగిపోయింది. ఎందుకు ఆపారో ఊరికి ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్లు నా పాపాన్ని ఆ "గుడ్" అనే మాటలో దాచుకుని బతికాను. ఆయన తలెత్తి ఉంటే చెప్పేసేదాన్ని అనుకునేదాన్ని. చెప్పేదాన్ని కాదు. తలెత్తలేదని నేను ఊపిరి పీల్చుకున్నాను, అది నాకు బాగా గుర్తుంది.

సార్ పోయాక కుప్పంలో సంతాపసభ పెట్టారు. నేను ఉద్యోగం మానేసి చాలాకాలమైనా, మొదటినుంచీ ఉన్నదాన్నని వేదిక మీద కూర్చోబెట్టారు. సభ మొదట్లోనే లైట్లు తగ్గించి స్పీకర్లలో ఆ గొంతు వేశారు. "నా బిడ్డను మర్సిపోవద్దండమ్మా," అంది రెడ్డెమ్మ గొంతు. ఎవరో కొత్తగా రాసిన మాట, ఆమె ఎన్నడూ అనని మాట. జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఆయన భార్య ఏడ్చింది. బతికున్న మనిషిని, బస్సెక్కితే పోయి పలకరించగల మనిషిని, చచ్చిపోయిన తల్లిని చేసి ఏడిపిస్తున్నారు! నాకు లేచి అరవాలనిపించింది. అంతలో మైకు నా చేతికొచ్చింది. నేనేం అరిచాను? ఆయన దూరదృష్టి గురించి చక్కటి తెలుగులో మాట్లాడి, దణ్ణం పెట్టి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు.

పొగిడినవాళ్లమీద కోపం చూపించే హక్కు నాకు లేదని ఆ చప్పట్లలో తెలిసింది. వాళ్లకు తెలియక పొగిడారు.

ఆ వారంలోనే పెద్దపంజాణి దగ్గరి ఆ పల్లెకు పోయాను. రెడ్డెమ్మ దూడను కట్టేస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది, రమ్మనలేదు. ఫోన్లో ఎవరితోనూ మాట్లాడదిప్పుడు అని ఆమె భర్త చెప్పాడు, నేను అడక్కుండానే. వాకిట్లో నిలబడే చెప్పాను, అది నీ గొంతే అక్కా అని.

"తెల్సు," అంది. "నువ్వు కాదన్న పొద్దే తెల్సు. నాది కాకపోతే అంత పని పెట్టుకుని కాదని యాల సెప్తావు?"

క్షమించమన్నాను.

"అది నాకు సేతకాదమ్మా," అంది, కోపం కూడా లేకుండా. తాడు ముడి వేసి లేచింది. "నాకు సెప్తే ఏమొస్తాది? వాళ్లకు సెప్పు. రాసేదుంటే రాయి. నా పేరు రాయి. నీ పేరు నీ ఇష్టం."

సాయంత్రం పాలకేంద్రం దగ్గర నిలబడి చెప్పాను. కొత్తగా కాపురానికొచ్చిన ఆడపిల్లలు ఏ దాణా, ఏ గొడవ అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాతవాళ్లు తలలు దించుకున్నారు. శాంతమ్మ మాత్రం క్యాను పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. "మల్ల ఇన్నేండ్లు ఆయమ్మను నేను తిట్టిన తిట్లు యాడికి పోవాల?" అంది. క్యాను ఎత్తుకుని పోయింది. వాళ్లిద్దరూ ఆ తర్వాత మాట్లాడుకున్నారో లేదో తెలియదు. తెలుసుకోవడానికి మళ్లీ పోలేదు.

నా పేరు రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. భయపెట్టేవాళ్లెవరూ మిగల్లేదు, అయినా రావడం లేదు. పేరు దాచుకుని చెప్పేది సగం ఒప్పుకోలే అని మీరంటే కాదనను. మిగతా సగం మాత్రం తిన్నగా చెబుతాను, ఇన్నేళ్లలో ఇంత తిన్నగా ఎక్కడా చెప్పలేదు.

ఆ గొంతు సార్ తల్లిది కాదు. పెద్దపంజాణి దగ్గర పల్లెలో రెండావులు పెట్టుకుని బతికే రెడ్డెమ్మది. ఆ దాణా పెట్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె గొంతుతో ఆ మాట చెప్పించింది మేము. రాసింది నేను. నీ గొంతు నీది కాదని ఆమె మొహాన్నే చెప్పింది కూడా నేనే.